కంచం వేరు పెడతారు, బ్లేడు మాత్రం మార్చరు

గల్ఫ్‌కు వెళ్లాలంటే ముందు మెడికల్ పాసవ్వాలి. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ఏ ఊళ్లో అడిగినా ఈ సంగతి చెబుతారు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి, బట్టలు సర్దుకునే సమయానికి రక్త పరీక్షలో హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో తేల్చే పరీక్ష) పాజిటివ్ అని వస్తే అన్‌ఫిట్ అని రాసి పంపేస్తారు. తమ ఒంట్లో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉందని చాలామందికి తెలిసేది అక్కడే. అప్పటిదాకా కళ్లు పచ్చబడి ఉండవు, కడుపునొప్పి వచ్చి ఉండదు, బరువులెత్తే పని చేస్తూనే ఉంటారు.

ఆ కబురు ఇంటికి చేరాక ఏం జరుగుతుందో చాలామంది చూసే ఉంటారు. కంచం, గ్లాసు వేరవుతాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. ఎవరో చెప్పారని పసరు మందుకు బయల్దేరతారు. భార్యకు మాత్రం పరీక్ష చేయించరు. తల్లికి, తోబుట్టువులకు చేయించాలన్న ఆలోచన అసలే రాదు. ఆ వైరస్ అతనికి పుట్టుకలోనో పసితనంలోనో వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ, అంటే ఆ ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండొచ్చు. బాత్రూములో రేజరు మాత్రం అన్నదమ్ములిద్దరికీ ఒక్కటే. భయమంతా వైరస్ రాని దారి మీద పెట్టి, వచ్చే దారిని గాలికి వదిలేస్తున్నాం. మన దగ్గర ఈ జబ్బు తగ్గకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 2.98 కోట్లు, సి ఉన్నవాళ్లు 55 లక్షలు. చైనా తర్వాత ఇంత భారం మోస్తున్న దేశం మనదే. వీళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు.

నోటి దారి

కాలేయాన్ని పట్టే వైరస్‌లు ముఖ్యంగా ఐదు: ఎ, బి, సి, డి, ఇ. కళ్లు పచ్చబడితే అన్నిటినీ కామెర్లనే అంటాం కాబట్టి ఒకటే జబ్బనుకుంటాం. కానీ ఎ, ఇ వైరస్‌లు మలంతో కలుషితమైన నీళ్ల ద్వారా, తిండి ద్వారా నోట్లోకి వెళ్తాయి. బి, సి, డి రక్తం ద్వారా వస్తాయి. బి అయితే లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకూ వస్తుంది. డి ఒంటరిగా బతకలేదు, బి ఉన్నవాళ్లకే సోకుతుంది. అందుకే బి టీకా వేయించుకుంటే డి బెడద కూడా ఉండదు. నీళ్ల జాగ్రత్త రక్తం దారికి పనికిరాదు, సూది జాగ్రత్త నీళ్ల దారికి పనికిరాదు. తికమకంతా ఇక్కడే మొదలవుతుంది.

నీళ్ల దారి ఎంత దెబ్బ తీయగలదో 1955-56 చలికాలంలో ఢిల్లీ చూసింది. యమునలోకి కలిసే నజఫ్‌గఢ్ మురుగు కాలువ ఎదురు తన్ని, వజీరాబాద్ దగ్గర ఊరికి నీళ్లు తోడే చోటికి వచ్చింది. అధికారులు గమనించి క్లోరిన్ మోతాదు పెంచారు. దాంతో బ్యాక్టీరియా చచ్చింది, టైఫాయిడ్, విరేచనాలు పెద్దగా పెరగలేదు, గండం గడిచిందనే అనుకున్నారు. కొన్ని వారాలకు కామెర్లు విరుచుకుపడ్డాయి. బాధితులు సుమారు 29 వేల మందని అంచనా. అప్పట్లో దాన్ని హెపటైటిస్ ఎ అనుకున్నారు. దాచి ఉంచిన రక్త నమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే అది ఎ కాదని, అంతవరకూ పేరే లేని మరో వైరస్ అని బయటపడింది. ఇప్పుడు దాన్నే హెపటైటిస్ ఇ అంటున్నాం.

ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 2005లో హైదరాబాద్‌లో ఇదే హెపటైటిస్ ఇ 1600 మందికి పైగా సోకింది. మంచినీళ్ల పైపులు మురుగు కాలువల్ని దాటుకుంటూ పోయే ప్రాంతాల్లోనే కేసులు ఎక్కువని అప్పటి పరిశోధనలో తేలింది. ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. మన ఊళ్లలో కుళాయి నీళ్లు రోజంతా రావు. నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది, కట్టేశాక తగ్గిపోతుంది. అప్పుడు పైపుకు చిన్న పగులున్నా, జాయింటు వదులైనా చుట్టూ నిలిచిన మురుగు లోపలికి పోతుంది. వీధిలో ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఆ మురుగు ఇంకా జోరుగా లోపలికి పోతుంది. మళ్లీ నీళ్లు వదలగానే మొదటి బిందెలోకి వచ్చేది అదే. తొలి నీళ్లు రంగు మారి, వాసన వేస్తే పారబోసి ఊరుకోకుండా వార్డు ఆఫీసులో ఫిర్యాదు చేయాలి. నీళ్లు తేటగా ఉన్నాయంటే వైరస్ లేదని అర్థం కాదు.

నీళ్లు మసలకాగనివ్వడం పాత పద్ధతే అయినా ఎ, ఇ వైరస్‌లు రెండింటి మీదా చక్కగా పనిచేస్తుంది. తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచితే చాలు, గోరువెచ్చగా కాచి దించితే లాభం లేదు. ఇంట్లో నీళ్లు కాచుకునేవాళ్లు కూడా బయట చెరకు రసంలో పడే ఐసును, పానీపూరి నీళ్లను, కోసి పెట్టిన పండ్ల ముక్కల్ని పట్టించుకోరు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ల మీద మనకున్న నమ్మకం కూడా అతిగానే ఉంది. ప్లాంటులో శుద్ధి సరిగా జరిగినా, క్యాన్ కడిగే నీళ్లు ఎలాంటివన్నది మనం అడగం. ఇంకో మాట, కోవిడ్ తర్వాత చేతులకు శానిటైజర్ రాసుకోవడం అలవాటైంది. ఎ, ఇ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉండదు కాబట్టి స్పిరిట్‌తో అవి సరిగ్గా చావవు. దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో రుద్ది కడుక్కోవాల్సిందే.

హెపటైటిస్ ఎ చిన్నపిల్లలకు వస్తే చాలాసార్లు వచ్చినట్టే తెలియదు. అదే పెద్దయ్యాక వస్తే వారాల తరబడి మంచాన పడేస్తుంది, అరుదుగా ప్రాణం మీదికి తెస్తుంది. ఒకప్పుడు పల్లెల్లో దాదాపు అందరికీ పసితనంలోనే వచ్చి పోయేది. ఇప్పుడు శుభ్రమైన ఇళ్లలో పెరిగిన పిల్లలకు అప్పుడు రాదు, హాస్టల్లోనో కాలేజీలోనో పట్టుకుంటుంది. దీనికి టీకా ఉంది కానీ ప్రభుత్వం ఇచ్చే ఉచిత టీకాల్లో లేదు, బయట వేయించుకోవాలి.

హెపటైటిస్ ఇ విషయంలో అసలు భయపడాల్సింది గర్భిణుల గురించి. మామూలు మనిషికి చాలావరకు అదే తగ్గిపోయే ఈ జబ్బు, నిండు నెలల్లో ఉన్న తల్లికి సోకితే నూటికి పదిహేను నుంచి పాతిక మంది దాకా చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. గర్భిణికి కళ్లు పచ్చబడితే పత్యం పెట్టి చూద్దాం, మందు పోయించి చూద్దాం అని రోజులు గడపకూడదు. మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

పసరు మందు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది

ఈ మాటంటే కొందరు నొచ్చుకుంటారని తెలుసు, అయినా చెప్పాలి. ఎ, ఇ కామెర్లు ఎక్కువమందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మందు పోయించుకున్నా తగ్గుతాయి, పోయించుకోకపోయినా తగ్గుతాయి. ఆ పేరు మాత్రం నేల ఉసిరి పసరుకో, ముక్కులో వేసిన చుక్కలకో, చేతి మీద పెట్టిన వాతకో పోతుంది. తగ్గినవాళ్లు పది ఊళ్లలో చెబుతారు, తగ్గక చనిపోయినవాళ్లు చెప్పడానికి ఉండరు.

నేల ఉసిరిని శాస్త్రవేత్తలు తీసిపారేశారని కూడా అనలేం. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గే మద్రాసు పరిశోధకులతో కలిసి దాన్ని పరీక్షించారు. 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాలు ఆశ పుట్టించాయి. కానీ తర్వాత మిగతా చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఆ పసరును నమ్ముకుని ఏళ్లు గడిపేస్తే, కడుపులో నీరు చేరాకో కాలేయ క్యాన్సర్ ముదిరాకో ఆసుపత్రికి వస్తాడు. ఇక వాతలు పెట్టే సూది, కడ్డీ ఎంతమందికి వాడారో ఎవరికి తెలుసు? అక్కడే కొత్తగా రక్తం జబ్బు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

రక్తం దారి

2009లో గుజరాత్‌లోని మోడాసా పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్లలో హెపటైటిస్ బి ప్రబలి వందల మందికి సోకింది, పదుల మంది చనిపోయారు. అది నీళ్ల వల్ల కాదు, గాలి వల్ల కాదు. కొన్ని క్లినిక్‌లలో వాడిన సిరంజీలనే మళ్లీ మళ్లీ వాడారు. జ్వరమనో, ఒళ్లునొప్పులనో వెళ్లినవాళ్లు అక్కడి నుంచి ప్రాణాంతకమైన జబ్బు తెచ్చుకున్నారు.

మన దగ్గర సూది మోజు తెలియనిదేం కాదు. మాత్ర రాసిచ్చే డాక్టరు కంటే సూది వేసే ఆర్‌ఎంపీకే పేరెక్కువ. నీరసమంటే సెలైన్ ఎక్కించమని మనమే అడుగుతాం. నిజానికి అలా వేసే ఇంజెక్షన్లలో చాలావాటికి బదులు మాత్ర సరిపోతుంది. అవసరం లేని ప్రతి సూదీ అనవసరమైన ప్రమాదమే. తప్పనిసరైతే సిరంజీ ప్యాకెట్‌ను మన కళ్లముందే చింపమని అడగాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. ఇక్కడో చిన్న విషయం చాలామంది గమనించరు. సూది మాత్రమే కొత్తది బిగించి, సిరంజీ పాతదే ఉంచినా వైరస్ వస్తుంది. ఒకే సీసాలోంచి పదిమందికి మందు తీసేటప్పుడు, ఒకరికి వాడిన సిరంజీని మళ్లీ ఆ సీసాలోకి గుచ్చితే సీసా మొత్తం కలుషితమవుతుంది. ఆ తర్వాత కొత్త సిరంజీతో తీసినా లాభం లేదు. అలాగే వాడేసిన సిరంజీ, సూది కూడా అక్కడే పనికిరాకుండా చేయాలి. చెత్తకుప్పలోకి పోతే దాన్ని ఏరేవాళ్లకు గుచ్చుకుంటుంది, లేదా కడిగి మళ్లీ అమ్మకానికి వస్తుంది.

హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సోకడానికి కంటికి కనిపించేంత రక్తం కూడా అక్కర్లేదు. టీకా లేని మనిషికి రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యింటికి మూడు, అదే హెపటైటిస్ బి అయితే నూటికి ముప్పై దాకా ఉంటుంది. ఎయిడ్స్ పేరు చెబితే వణికిపోతాం, ఇంతకింత తేలిగ్గా అంటుకునే దీన్ని మాత్రం పట్టించుకోం. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆసుపత్రి చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికులు మూడు డోసుల టీకా పూర్తిచేసి తీరాలి. కాంట్రాక్టు మీద పనిచేసే కార్మికులకు ఆ టీకా వేయించే బాధ్యత కాంట్రాక్టర్‌దా, ఆసుపత్రిదా అన్న పంచాయితీలో అది పడకుండా పోవడం అన్యాయం. పొరపాటున సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, ఇరవై నాలుగు గంటల్లోపే టీకా, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ వేయించుకోవాలి.

క్షౌరశాలలో బ్లేడు మార్చమని అడగడం ఇప్పుడు పట్టణాల్లో అలవాటైంది. తిరుమల కల్యాణకట్టలో కొత్త బ్లేడు ఇవ్వడం కూడా అందరికీ తెలుసు. కానీ జాతరల్లో, చిన్న గుళ్ల దగ్గర పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఎన్ని తలలకు ఎన్ని బ్లేడులు వాడారో చూసేవాళ్లెవరు? పసిపిల్లల నెత్తి మీద చిన్న గాటు పడితే పసుపు అద్ది ఊరుకుంటారు. ఇంటి నుంచే ఒక బ్లేడు కొనుక్కుని వెళ్తే పోయేదేముంది. చెవులు, ముక్కు కుట్టించడం, పచ్చబొట్టు, సంతలో టాటూ కూడా ఇదే దారి. టాటూ సూది మార్చినా, రంగు గిన్నె మార్చకపోతే ప్రయోజనం లేదు. ఇంట్లో రేజరు, టూత్‌బ్రష్, గోళ్లు తీసే కట్టరు ఎవరివి వాళ్లకే ఉండాలి.

రక్తం ఎక్కించేటప్పుడు బ్లడ్ బ్యాంకులు బి, సి రెండింటికీ పరీక్ష చేస్తాయి. సి పరీక్ష తప్పనిసరి అయింది ఈ శతాబ్దం మొదట్లోనే. అంతకుముందు ఆపరేషన్‌లోనో కాన్పులోనో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఒకసారి సి పరీక్ష చేయించుకోవడం మంచిది. డయాలసిస్ రోగులది మరీ ప్రత్యేకమైన పరిస్థితి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు మిషన్ ఎక్కేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. ప్రతిసారీ రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు మిషన్ వేరుగా ఉండాలి. కిడ్నీ జబ్బు బయటపడగానే, డయాలసిస్ దాకా రాకముందే టీకా మొదలుపెట్టాలి, ఎందుకంటే జబ్బు ముదిరాక టీకా సరిగ్గా పట్టదు. వాళ్లకు మామూలు మోతాదుకు రెట్టింపు ఇస్తారు.

తల్లి నుంచి బిడ్డకు

నన్ను అడిగితే అన్నిటికంటే ముందు మూయాల్సిన దారి ఇదే. పుట్టినప్పుడు హెపటైటిస్ బి సోకిన బిడ్డల్లో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది నూటికి అయిదుగురి లోపే, మిగతావాళ్ల ఒళ్లు దాన్ని తరిమేస్తుంది. అందుకే పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు మొదటి టీకా పడాలి. తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు ఒకే సూదిగా ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో కలిపి ఇస్తారు. తల్లికి పాజిటివ్ అని ముందే తెలిస్తే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. తల్లి రక్తంలో వైరస్ బాగా ఎక్కువగా ఉంటే చివరి నెలల్లో ఆమెకు వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. ఇవన్నీ జరగాలంటే గర్భిణికి తొలి రక్త పరీక్షల్లోనే హెచ్‌బీఎస్‌ఏజీ కూడా ఉండాలి. టీకా పడిన బిడ్డకు పాజిటివ్ తల్లి పాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు. ఆ భయంతో పాలు మాన్పించి డబ్బా పాలు పట్టడం బిడ్డకు చేసే రెండో అన్యాయం.

ఆదివారమనో పండగనో, నర్సు లేదనో ఆ మొదటి డోసు వాయిదా పడుతూ ఉంటుంది. డిశ్చార్జి అయ్యేముందు బిడ్డ టీకా కార్డులో ఆ డోసు తేదీ రాశారో లేదో చూడటం ఇంటి పెద్దలు చేయగల పని.

ఈ టీకా చౌకగా దొరకడం వెనుక తెలుగువాళ్ల పాత్ర ఉంది. విదేశీ టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో, ఇంజినీరు అయిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా, శాన్‌వాక్-బి, అక్కడి నుంచే వచ్చింది. ధర పడిపోయింది. 2011 నాటికి దేశమంతా పసిపిల్లలకు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అయితే అంతకుముందు పుట్టినవాళ్లలో చాలామందికి ఆ టీకా పడలేదు. వాళ్లు ముందు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించుకుని, నెగెటివ్ వస్తే మూడు డోసులు, ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి వేయించుకోవచ్చు. పెళ్లికి ముందు జాతకాలతో పాటు ఈ పరీక్ష కూడా చూసుకుంటే బాగుంటుంది. పెళ్లి చెడగొట్టడానికి కాదు, అవతలి మనిషికి టీకా పూర్తయ్యేలా చూడటానికి. అంతవరకూ కండోమ్ వాడితే సరిపోతుంది.

పాజిటివ్ వచ్చాక

సి అయితే ఈ రోజుల్లో భయపడాల్సిన పనే లేదు. 1989లో గుర్తించిన ఈ వైరస్‌కు టీకా ఇప్పటికీ రాలేదు కానీ మందు వచ్చింది. సోఫోస్‌బువిర్, దానికి తోడు మరో మందు కలిపి సాధారణంగా పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి తొంభై అయిదు మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. తర్వాత రెండేళ్లకే నాట్కో, హెటిరో లాంటి హైదరాబాద్ కంపెనీలు దాన్ని అతి తక్కువ ధరకు తయారుచేశాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. నయమైనవాళ్లు మళ్లీ కలుషితమైన సూది వాడితే మళ్లీ వస్తుంది, ఒకసారి వచ్చి తగ్గితే ఇక రాదన్న మాట దీనికి వర్తించదు.

బి వేరు. ఆ వైరస్ కాలేయ కణాల్లో దాక్కుంటుంది, పూర్తిగా పోవడం అరుదు. కానీ పాజిటివ్ అయిన అందరికీ మందు అవసరం ఉండదు. ముందు లివర్ పరీక్షలు, వైరస్ ఎంత ఉందో చెప్పే డీఎన్‌ఏ పరీక్ష, స్కానింగ్ చేసి డాక్టరు తేలుస్తారు. మందు అక్కర్లేదన్నా ఆరు నెలలకోసారి చూపించుకోవడం మానకూడదు. మద్యం పూర్తిగా మానేయాలి, ఒకే కాలేయం మీద రెండు దెబ్బలు పడితే అది తట్టుకోలేదు. ఇంట్లో అందరికీ పరీక్ష, నెగెటివ్ ఉన్నవాళ్లకు టీకా వెంటనే జరగాలి. కలిసి తినడం వల్ల, కౌగిలించుకోవడం వల్ల, దగ్గు వల్ల, దోమల వల్ల ఇది రాదు. గాయమై రక్తం కారితే గ్లౌజులు వేసుకుని తుడిచి, ఆ చోట బ్లీచింగ్ నీళ్లు పోస్తే సరిపోతుంది.

మందు మొదలుపెట్టినవాళ్లు ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు వైరస్‌ను అణచి ఉంచుతాయి అంతే. ఏడాదికో రెండేళ్లకో రిపోర్టు బాగా వచ్చిందని, లేదా ఎవరో ఆకు మందు ఇస్తామన్నారని సొంతంగా ఆపేస్తే అణగి ఉన్న వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయాన్ని చెడగొట్టగలదు. మాత్ర ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. పనికోసం వేరే ఊరు పోతుంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి రాయించుకుని, రెండు నెలలకు సరిపడా మాత్రలు వెంట తీసుకెళ్లాలి.